బంగాళదుంప విరగాలా, నిలబడాలా?

నమస్తే. ఈసారి కెమెరాను నేరుగా స్టవ్ మీదికే తిప్పాను. నా ముఖం చూసి మీరు నేర్చుకునేది ఏమీ లేదు, చూడాల్సిందంతా ఈ గిన్నెల్లోనే ఉంది.

మూడు గిన్నెలు. మూడింటిలోనూ ఒకే రకం బంగాళదుంపలు, ఒకే సైజు ముక్కలు, ఒకే కొలత నీళ్ళు, ఒకే కొలత ఉప్పు. మొదటి గిన్నెలో ఇంకేమీ వేయలేదు. రెండో దానిలో లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వెనిగర్ పోశాను. మూడో దానిలో లీటరుకు పావు చెంచా వంటసోడా. మూడింటినీ చల్లని నీళ్ళతోనే మొదలుపెట్టాను. మరిగే నీళ్ళలో వేస్తే, ముఖ్యంగా పెద్ద ముక్కలైతే, పైభాగం మెదిగిపోతుంది, నడుమ మాత్రం పచ్చిగానే ఉండిపోతుంది.

ఇవి ఉడికేలోపు ఒక మాట. దుంప వంట కుదరకపోతే మనం ముందు మసాలాను అంటాం. కారం తగ్గిందంటాం, ఉప్పు పట్టలేదంటాం. నా అనుభవంలో మసాలా తప్పు చాలా తక్కువ. ఆ దుంప విరిగిపోవాలా, ముక్కగా నిలబడాలా అన్నది ముందే అనుకోకుండా పొయ్యి వెలిగించడం వల్లే సగం వంటలు చెడతాయి. ఆ ఒక్కటి తేల్చుకుంటే ఏ దుంప తీసుకోవాలి, పులుపు ఎప్పుడు వేయాలి, నీళ్ళు పారబోయాలా ఉంచాలా అన్నవన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

సరే, ఉడికాయి. దగ్గరగా చూపిస్తాను. మొదటి గిన్నెలో ముక్క మామూలుగా ఉంది. కత్తి గుచ్చితే దిగింది, అంచులు కొంచెం మెత్తబడ్డాయి. రెండో గిన్నె, వెనిగర్ పోసింది, చూడండి. అంతే సేపు ఉడికినా అంచులు కోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కొరికితే పచ్చి వాసన లేదు, కానీ గట్టిగా ఉంది. మూడో గిన్నెలో నీళ్ళే చిక్కబడ్డాయి. ముక్క చుట్టూ మెత్తటి పూత ఏర్పడింది, గరిటె తగిలితే చాలు అంచు రాలిపోతోంది.

ఎందుకిలా? దుంపలో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ఒకటి లోపలి పిండి పని. 60 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి పిండి రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి. దుంప ఉడికిందని మనం అనేది దీన్నే. రెండోది కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ పని. జామ్ గట్టిపడేది కూడా ఈ పెక్టిన్ వల్లే. వేడికి అది కరిగితే కణాలు విడిపోతాయి, ముక్క విరుగుతుంది. పులుపు ఉన్న నీటిలో పెక్టిన్ చాలా నెమ్మదిగా కరుగుతుంది, సోడా నీటిలో గబగబా కరుగుతుంది. అందుకే వెనిగర్ ముక్క ఉడికింది కానీ విరగలేదు.

ఇది అర్థమైతే ఇంట్లో రోజూ ఎదురయ్యే ఒక చిక్కు విడిపోతుంది. ముందు టమాటాలు మగ్గించి, అందులో దుంప ముక్కలు వేసి, ఎంతసేపైనా మెత్తబడటం లేదని మంట పెంచుతాం, కుక్కర్‌కి ఇంకో విజిల్ ఇస్తాం. దుంపలు మంచివి కావని కొట్టువాణ్ణి కూడా తిట్టుకుంటాం! కారణం ఆ టమాటాలోని పులుపే. దుంప మెత్తగా కావాలంటే ముందు దాన్ని కత్తి దిగేదాకా ఉడకనిచ్చి, టమాటా గానీ నిమ్మరసం గానీ ఆ తర్వాత వేయండి. ముక్క చెదరకూడదనుకుంటే పులుపు ముందే వేయండి. తొందరగా వేయడం తప్పు కాదు, ఏది కావాలో తెలియకుండా వేయడమే తప్పు.

ముక్క నిలబడటానికి ఇంకో దారి కూడా ఉంది, ఓపిక ఉన్నవాళ్ళకు. దుంపలను 55 నుంచి 60 డిగ్రీల వేడి నీటిలో ఇరవై ముప్పై నిమిషాలు ఉంచి, చల్లార్చి, తర్వాత మామూలుగా ఉడికిస్తే ఎంత ఉడికినా ముక్క ముక్కగానే ఉంటుంది. ఆ వేడి దగ్గర దుంపలోని ఒక ఎంజైమ్ పెక్టిన్‌ను బలపరుస్తుంది. థర్మామీటర్ లేకపోతే వదిలేయండి, వెనిగర్‌తో పోయే పనికి ఇంత హంగామా అక్కర్లేదు.

ఇక దుంపల రకం. పేర్లు ఎన్నున్నా వంటకు కావాల్సినవి రెండు గుణాలే. పిండి ఎక్కువ ఉన్నవి ఉడికితే పొడిపొడిగా విడిపోతాయి. నీటి శాతం ఎక్కువ ఉన్నవి నున్నగా, ముక్కగా ఉంటాయి. గోరుతో రాస్తే తొక్క ఊడి వచ్చే కొత్త దుంపలు రెండో జాతివే అనుకోండి. అనుమానంగా ఉంటే పదకొండు వంతుల నీళ్ళకు ఒక వంతు ఉప్పు కలిపి, అందులో వేసి చూడండి. పిండి ఎక్కువున్న దుంప బరువు, అది మునుగుతుంది. రెండోది తేలుతుంది. చిప్స్ ఫ్యాక్టరీలు కూడా ఇలాగే దుంప సాంద్రత చూసి సరుకు తీసుకుంటాయి.

ఇప్పుడు మొదటి గిన్నె. దీన్ని మెదుపుదాం. నేను అన్నిటికంటే ఎక్కువ ప్రయోగాలు చేసింది దీని మీదే, ఎందుకంటే ఇంత తేలికగా కనిపించి ఇంత ఏడిపించే వంట ఇంకోటి లేదు. నీళ్ళు వంపేసి గిన్నెను మళ్ళీ సన్న మంట మీద ఒకటి రెండు నిమిషాలు పెడుతున్నాను. ఆవిరి చూడండి ఎలా పోతోందో. ఈ తడి పోకపోతే ముద్ద నీళ్ళగా వస్తుంది, తర్వాత పోసే పాలకు లోపల చోటుండదు.

మెదపడానికి పప్పుగుత్తి చాలు. మిక్సీ వద్దు. దయచేసి వద్దు. మిక్సీ బ్లేడు కణాలను చీల్చేస్తుంది, ఉబ్బిన పిండి అంతా బయటికి వచ్చి ముద్ద అంటుకునే జిగురైపోతుంది. దాన్ని మళ్ళీ మెత్తటి ముద్దగా మార్చే దారి లేదు. కాస్త పిండి, కాస్త ఉల్లిపాయ కలిపి పెనం మీద అట్టులా కాల్చుకోవడమే. గుత్తితో కూడా ముక్కలు నలిగేదాకే, అందం కోసం మళ్ళీ మళ్ళీ దంచకూడదు. నున్నగా కావాలంటే జల్లెడలో వేసి గరిటెతో నెట్టండి. దానివల్ల కణాలు విడిపోతాయి, కానీ మిక్సీలోలా పగలవు.

ముందు వెన్న, తర్వాత పాలు. ఈ వరస మీద నాకు పట్టుదల ఉంది. వెన్న ముందు పడితే పిండిని కొవ్వు పూతలా పట్టుకుంటుంది, ఆ తర్వాత పాలు పోసినా జిగురెక్కదు. పాలు వేడిగా ఉండాలి, చల్లటివి పోస్తే ముద్ద చల్లారిపోయి బిగుసుకుంటుంది. ఇక వెన్న ఎంత అంటారా? దుంప రుచి తెలిసేంత. గిన్నెడు వెన్న వేస్తే ఏదైనా బాగానే ఉంటుంది, అప్పుడు దుంప ఎందుకు?

రెండో గిన్నె ముక్కలు సలాడ్‌కి. వేడిగా ఉన్నప్పుడే ఉప్పు, నూనె, మిరియాలు వేసి కలిపేయండి, వేడి ముక్క రుచిని లోపలికి పీల్చుకుంటుంది. చల్లారాక ఉల్లికాడలు. అంతే.

మూడో గిన్నె, ఆ సోడా ముక్కలు, ఓవెన్‌కి. నీళ్ళు వంపి, మూతపెట్టి గిన్నెను గట్టిగా కుదపండి. ముక్కల చుట్టూ ఉన్న ఆ మెత్తటి పూత గరుకుగా లేస్తుంది. గరుకు ఎక్కువైతే నూనె తగిలే చోటు ఎక్కువ, కరకరలాడే చోటూ ఎక్కువ. ఓవెన్ 220 డిగ్రీలు. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచండి, ఇరుకైతే ఆవిరిలో ఉడుకుతాయి తప్ప వేగవు. అడుగు ఎర్రబడేదాకా కదపకండి. తొందరపడి తిప్పితే ఆ పొర ట్రేకే అంటుకుపోతుంది. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడు, మధ్యస్థంగా మంట, కాస్త ఓపిక.

వేయించే దుంపల గురించి ఇంకో రెండు మాటలు. సన్నగా తరిగిన ముక్కలను నీళ్ళలో కడిగితే పైపిండి పోతుంది, అంటుకోకుండా విడివిడిగా వేగుతాయి. అదే దుంప చక్రాలను పాలలో, క్రీమ్‌లో వేసి ఓవెన్‌లో పెట్టేటప్పుడు మాత్రం కడగకండి, ఆ పిండే క్రీమ్‌ను చిక్కబరుస్తుంది.

పచ్చి దుంపలను ఫ్రిజ్‌లో పెడితే చలికి వాటిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అవి వేగేలోపే పైన నల్లబడతాయి, రుచి తియ్యగా తగులుతుంది. చక్కెర ఎక్కువైన దుంపను బాగా వేడి చేస్తే క్యాన్సర్ తెచ్చిపెట్టవచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థం కూడా ఎక్కువగా పుడుతుంది. ఇది ఆహారంలో ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో పుడుతుంది, నీళ్ళలో ఉడికిస్తే భయం లేదు. బంగారు రంగు వచ్చాక దించేయండి, ముదురు గోధుమ రంగుదాకా పోనివ్వకండి. ఆకుపచ్చగా మారిన దుంపల సంగతి మీకు తెలిసే ఉంటుంది. వెలుతురు తగిలితే అలా అవుతాయి, చేదుతో పాటు సోలనైన్ అనే విషం పెరుగుతుంది, ఉడికించినా అది పోదు. కొంచెం పచ్చదనమైతే లోతుగా చెక్కేయండి, ఎక్కువైతే పారేయండి.

నిన్న ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన దుంప మాత్రం వేపుడుకు బంగారం. చల్లారేటప్పుడు ఉబ్బిన పిండి మళ్ళీ బిగుసుకుంటుంది, అందుకే ముక్క నీటుగా తెగుతుంది, మూకుట్లో చితికిపోదు, అంచు కరకరలాడుతుంది. ఆ బిగుసుకున్న పిండిలో కొంత భాగం తొందరగా అరగదన్నది కూడా నిజమే. అయితే దాన్ని పట్టుకుని చల్లటి దుంప తింటే సన్నబడతారని చెప్పేవాళ్ళను నేను నమ్మను. ఆ కొంచెం తేడా మూకుట్లో పోసే నూనెతోనే తీరిపోతుంది.

కడుపు నిండటం గురించి మాట్లాడుకుంటే ఒక మంచి అధ్యయనం గుర్తొస్తుంది. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో 38 రకాల ఆహారాలను, ఒక్కోటి 240 కేలరీల చొప్పున పెట్టి, తర్వాత రెండు గంటలు ఆకలి ఎలా ఉందో అడిగారు. తెల్ల బ్రెడ్‌ను 100 అనుకుంటే ఉడికించిన దుంపలకు 323 వచ్చింది, మొత్తం జాబితాలో అదే పైన. వేయించిన ఫ్రెంచ్ ఫ్రైస్‌కు 116 మాత్రమే. చిన్న అధ్యయనమే, ఒక్కో ఆహారాన్ని తిన్నది పదిమందికి కాస్త పైన. కానీ ఒకే దుంపకు వండే తీరును బట్టి ఇంత తేడా రావడం నాకు వింతగా అనిపించలేదు. ఉడికిన దుంపలో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్ళే, ఆ కేలరీలకు పళ్ళెం నిండా వస్తుంది.

కానీ కడుపు నిండినంత మాత్రాన భోజనం పూర్తయినట్టు కాదు. దుంపలో ప్రోటీన్ వందకు రెండు పాళ్ళే. అందుకే నా గిన్నెడు భోజనంలో దుంపతో పాటు బీన్స్ గింజలు తప్పకుండా పడతాయి. అది ఇప్పుడు చేస్తున్నాను. ఉల్లిపాయలు నెమ్మదిగా ఎర్రబడనిచ్చాను, వెల్లుల్లి వేశాను. కొత్తగా కోసిన పచ్చి దుంప ముక్కల్లో సగం, నానబెట్టి ముందే ఉడికించిన గింజలు, మునిగేంత నీళ్ళు. పులుపు లేదు, గమనించండి. ఈ ముక్కలు మెత్తబడ్డాయి కదా, వీటిలో కొన్నిటిని గరిటెతో గిన్నె అంచుకు అదిమి నలిపేస్తున్నాను. మైదా అక్కర్లేదు, క్రీమ్ అక్కర్లేదు, పులుసు దానంతట అదే చిక్కబడుతుంది. ఇప్పుడు టమాటాలు, వాటితో పాటు మిగిలిన సగం ముక్కలు. ఇవి పులుపులో ఉడుకుతాయి కాబట్టి విరగవు, కాకపోతే కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. ఒకే గిన్నెలో విరిగినవీ ఉన్నాయి, నిలబడినవీ ఉన్నాయి. ఆకుకూర చివరి రెండు నిమిషాల్లో.

ఉప్పు ఎక్కువైతే దుంప ముక్క వేయమని అంటారు కదా, అది ఉప్పును పీల్చేయదు. ఉప్పు నీళ్ళను పీలుస్తుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. నీళ్ళు పోయడమో, ఉప్పు లేని దుంపలు ఇంకా వేసి మొత్తం వంటనే పెంచడమో చేయాలి.

మిగిలినదాన్ని తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. అల్యూమినియం రేకు చుట్టి కాల్చిన దుంపలనైతే అసలు బయట ఉంచకండి. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో, అలా రేకులోనే గది వేడిమిలో ఉండిపోయిన దుంపలతో చేసిన వంటకం వల్ల 30 మందికి బోట్యులిజం, అంటే ఒక బాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చింది. గాలి ఆడని రేకులో ఆ బాక్టీరియా బాగా పెరుగుతుంది.

ఫ్రీజర్‌లో పెట్టవచ్చా అంటే, ముక్కలున్న పులుసు వద్దు. మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి, కరిగాక ముక్క స్పాంజిలా నీళ్ళు కారుతుంది. దుంప పుట్టిన ఆండీస్ కొండల్లో జనం ఇదే గుణాన్ని వాడుకుని, రాత్రి చలికి గడ్డకట్టిన దుంపలను పగలు కాళ్ళతో తొక్కి నీరు తీసి, ఎండబెట్టి ఏళ్ళ తరబడి దాచుకునే చునో తయారుచేస్తారు. మనకు ఆ పని లేదు కాబట్టి, దుంప వేయకముందే గింజల పులుసును విడిగా తీసి ఫ్రీజ్ చేయండి, తినే రోజు దుంప ఉడికించి కలుపుకోండి. మెదిపిన ముద్దకు ఈ ఇబ్బంది తక్కువ, వెన్న ఉంటుంది కాబట్టి. చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి, వేడి చేసేటప్పుడు ఒక చెంచా పాలు కలపండి.