ఇర్రం మంజిల్ మిగిలింది, జీ బ్లాక్ పోయింది: పాత కట్టడాలు ఎలా కూలుతాయి?

[దృశ్యం: పంజాగుట్ట రోడ్డు, మెట్రో రైలు. గుట్ట మీద ఇర్రం మంజిల్.]

ఇర్రం మంజిల్ అనగానే మనలో చాలామందికి మెట్రో స్టేషనే గుర్తొస్తుంది. ఆ పేరుగల అసలు భవనం గుట్ట మీద ఇంకా ఉంది. నిజాంల కాలంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న ప్యాలెస్ అది. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి, ఏళ్ల తరబడి ఇంజినీర్ల ఆఫీసులు అందులోనే నడిచాయి. 2019 జూన్‌లో దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని కేబినెట్ నిర్ణయించింది. శంకుస్థాపన కూడా జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

[దృశ్యం: పాత సచివాలయం ఫోటోలు]

ఆ తీర్పొచ్చి ఏడాది తిరక్కుండానే, 2020 జులైలో, హుస్సేన్ సాగర్ పక్కనున్న పాత సచివాలయాన్ని కూల్చేశారు. అందులోని జీ బ్లాక్ 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్, ఆరో నిజాం కాలంనాటిది. ఇక దాన్ని చూడాలంటే ఫోటోలే దిక్కు.

ఇర్రం మంజిల్ కేసులో వాదనంతా ఒక జాబితా చుట్టూ తిరిగింది. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడాకి ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలుండేవి. వాటిలో 13వ నిబంధన కింద 1990లలో హైదరాబాద్ వారసత్వ కట్టడాల జాబితా తయారైంది. 150 వరకు భవనాలు, వాటితోపాటు మన రాతి గుట్టలు కొన్ని. గుట్టల్ని కూడా వారసత్వంగా లెక్కేసిన ఆ ఆలోచనకి దండం పెట్టాలి. జాబితాలో ఉన్నదాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. 2015 చివర్లో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. 2017లో రాష్ట్రానికి కొత్త వారసత్వ చట్టం వచ్చింది. ఈ మార్పుల మధ్య ఏ భవనానికి రక్షణ ఉంది, దేనికి లేదు అన్నది కోర్టు దాకా వెళ్లి తేల్చుకోవాల్సి వచ్చింది. ఇలా కాగితం మీద రక్షణ పోయాకే జేసీబీ వస్తుంది.

[దృశ్యం: పెచ్చులూడిన గోడ, దగ్గరగా]

కోర్టుకెక్కని కూల్చివేత ఇంకోటుంది. ఈ గోడ చూడండి. ఇది డంగు సున్నంతో కట్టింది. సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. సున్నపు గోడ వానకి తడుస్తుంది, ఎండకి ఆరుతుంది. వందేళ్లు నిలబడటానికి కారణం అదే. పెచ్చులూడిన చోట మనవాళ్లు సిమెంటు పూస్తారు. బయటికి నున్నగా, గట్టిగా కనిపిస్తుంది. కానీ లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. గోడ గుల్లబారుతుంది, గోడలోకి దిగిన టేకు దూలం కొస పుచ్చిపోతుంది. అటు డాబా మీద తూము పూడి నీళ్లు నిలుస్తాయి. పగుల్లో రావి మొక్క లేస్తుంది. దాన్ని పైపైన విరిచేస్తారు, వేరు లోపలే ఉండిపోతుంది. కొన్నేళ్లకి 'శిథిలావస్థ' అని నోటీసు అంటిస్తారు. నోటీసులో రాసింది అబద్ధం కాదు. అసలు అక్కడిదాకా ఎందుకు రానిచ్చారన్నదే నా బాధ.

పాతబస్తీ దేవిడీల, అంటే పాత నవాబుల భవంతుల, యజమానుల్ని తప్పుపట్టలేను. వారసులు చాలామంది, ఆదాయం అంతంతమాత్రం, స్థలం విలువేమో కోట్లలో. "ఇల్లు కూల్చొద్దు" అని చెప్పి, రిపేరుకి పైసా ఇవ్వకపోతే వాళ్లేం చేస్తారు? అక్కడ కట్టుకోలేని అంతస్తులకు బదులుగా, వాటిని వేరే చోట కట్టుకునేలా బదిలీ హక్కులిస్తే, అంటే టీడీఆర్ ఇస్తే, వాటిని బిల్డర్లకు అమ్ముకోవచ్చు. ఆ డబ్బు పైకప్పు రిపేరుకే వాడాలన్న షరతు పెట్టాలి.

[దృశ్యం: మొజంజాహీ మార్కెట్, సాయంత్రం]

బాగుచేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడికి రండి. 1935 నాటి రాతి మార్కెట్. 2020లో మరమ్మతులు పూర్తయ్యాయి. దుకాణాలు నడుస్తున్నాయి, ఐస్‌క్రీమ్ కోసం జనం వస్తూనే ఉన్నారు.

మీ వీధిలో ఇలాంటి భవనం ఉంటే వానలకి ముందు పిట్టగోడ వైపు ఒకసారి చూడండి. రావి మొక్క కనిపిస్తే ఇప్పుడే ఫోటో తీసి, యజమానికి చూపించండి. వేరుతో సహా తీయించి, ఆ పగులుని సున్నంతోనే పూడ్పించమనండి. ఈ ఏడాదైతే ఒక మేస్త్రీ కూలితో అయిపోయే పని అది.