కనిపించని సూత్రధారి

మిత్రులారా, నమస్కారం.

షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. హోమ్స్ శత్రువు, నేరాల సూత్రధారి ప్రొఫెసర్ మోరియార్టీ పేరు ఆ కథలు చదవనివాళ్లకూ తెలుసు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మోరియార్టీ వచ్చే 'ది ఫైనల్ ప్రాబ్లమ్' కథను మనకు చెప్పే హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్, మోరియార్టీని ఎన్నిసార్లు చూశాడు?

రెండుసార్లు. రెండూ దూరం నుంచే. మొదటిసారి లండన్ విక్టోరియా స్టేషన్లో. రైలు కదులుతుండగా వెనక్కి చూస్తే, ఒక పొడుగాటి మనిషి జనాన్ని తోసుకుంటూ, రైలు ఆపమన్నట్టు చెయ్యి ఊపుతూ కనిపిస్తాడు. రెండోసారి స్విట్జర్లాండ్‌లో, రైకెన్‌బాక్ జలపాతం దగ్గర కొండదారిలో. పచ్చటి కొండవాలు మీద నల్లటి ఆకారం ఒకటి చకచకా నడిచిపోతుంది. ఇంక అంతే. మోరియార్టీ హోమ్స్ గదికి వచ్చి బెదిరించి వెళ్లిన సంగతి కూడా హోమ్స్ నోటే వింటాం, ఆ సమయంలో వాట్సన్ అక్కడ లేడు.

ఈ కథ 1893 డిసెంబరులో స్ట్రాండ్ పత్రికలో వచ్చింది. హోమ్స్‌తో విసిగిపోయిన రచయిత కోనన్ డాయల్, అతన్ని చంపడానికి సరిజోడు కావాలనుకుని మోరియార్టీని పుట్టించాడు. మోరియార్టీ చేయించిన నేరం ఒక్కటి కూడా ఆ కథలో వివరంగా ఉండదు. గూడు మధ్యలో కదలకుండా కూర్చున్న సాలీడు అని హోమ్స్ అంటాడు, మనం నమ్మేస్తాం. ఎందుకు నమ్ముతాం? ఎవరికీ భయపడని హోమ్స్ ఆ రాత్రి కిటికీ తలుపులు మూస్తాడు గనక. ఆ తలుపుల చప్పుడులోనే మోరియార్టీ ఉన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. తెర వెనక మనిషిని రచయిత ఎదురుగా రాయలేడు, ఎదుటివాళ్ల మీద రాయాలి. మన ఇళ్లలో బూచాడి సంగతి చూడండి. వాడి ముఖం ఎలా ఉంటుందో ఏ అమ్మా చెప్పలేదు. "బూచాడొస్తున్నాడు, గబగబా తిను" అని గొంతు తగ్గించి తలుపు వైపు చూసేది. ఆ చూపు చాలు, ముద్ద లోపలికి దిగిపోయేది.

నాకు మరీ ఇష్టమైన ఘట్టం 1914లో పత్రికలో ధారావాహికగా మొదలైన 'ది వ్యాలీ ఆఫ్ ఫియర్' నవల మొదట్లో ఉంది. ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ మోరియార్టీ ఇంటికి వెళ్లి మాట్లాడి వస్తాడు. చాలా మంచివాడు, గ్రహణాలు ఎలా పడతాయో దీపం, గ్లోబు పెట్టి చక్కగా చెప్పాడు అని మెచ్చుకుంటాడు. అప్పుడు హోమ్స్ అడుగుతాడు: ఆయన తల వెనక గోడ మీద బొమ్మ చూశారా? అది గ్రూజ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసింది. ఆయన వేసిన మరో బొమ్మ ఒకప్పుడు 40,000 పౌండ్లకు పైగా పలికింది. ప్రొఫెసర్ గారి జీతం ఏడాదికి 700 పౌండ్లు. ఆదాయానికి మించిన ఆస్తులు! మన పేపర్లలో తరచూ చదివే మాటే. ఆ పైన ఇంటి ఖర్చులకు ఆయన ఇచ్చే చెక్కులు ఆరు వేర్వేరు బ్యాంకులవి. నవలలో మోరియార్టీ ఒక్కసారి కూడా మన ముందుకు రాడు. ఒక బొమ్మ, ఒక జీతం లెక్క, ఆరు చెక్కులు. వాటితోనే మనిషి ఒళ్లు జలదరించేంతగా తయారయ్యాడు.

1949లో వచ్చిన ఆర్వెల్ నవల '1984'లో ఇంకో రకం. దేశాన్ని ఏలే బిగ్ బ్రదర్ పోస్టర్లు ప్రతి గోడ మీదా ఉంటాయి, మనిషి మాత్రం ఎక్కడా రాడు. నాతో సమానంగా, నాలాగే ఆయన ఉన్నాడా అని కథానాయకుడు విన్‌స్టన్ అడిగితే, నువ్వే లేవు అని జవాబు వస్తుంది. తిరుగుబాటు నాయకుడు గోల్డ్‌స్టీన్ కూడా తెర మీద ముఖమే తప్ప నేరుగా ఎదురుపడడు. అతను రాశాడన్న పుస్తకాన్ని రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణని ప్రభుత్వం మనిషే చెప్తాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆశ పెట్టుకున్న దిక్కున కూడా ఉన్నది అదే చెయ్యి!

ఇక మన మాట. 'సూత్రధారి' అంటే నాటకంలో అందరికంటే ముందు రంగం మీదికొచ్చి ప్రేక్షకులతో మాట్లాడేవాడు. పేపర్లలో మాత్రం ఎవరికీ కనబడకుండా దారాలు లాగేవాడు. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసే నాటకం విశాఖదత్తుడి ముద్రారాక్షసం. సూత్రధారుడు భార్యతో చంద్రగ్రహణం గురించి మాట్లాడుతుంటే, చంద్రుణ్ణి పట్టడమనే మాట చెవిన పడి, తెర వెనక నుంచి ఒక గొంతు ఉరుముతుంది: నేనుండగా చంద్రగుప్తుడి జోలికి వచ్చేదెవడు? చాణక్యుడు మనకు ముందు గొంతుగా వస్తాడు, ఆ తర్వాతే మనిషిగా. ఆయన పథకాలు మనకు తెలుస్తాయి. ఆయన ప్రత్యర్థి, నందుల మంత్రి రాక్షసుడికి తెలియవు. పక్కన నమ్మకంగా తిరుగుతున్న జీవసిద్ధి ఎవరి మనిషో కూడా తెలియదు. అందుకే రాక్షసుడు మాట్లాడుతున్నంతసేపూ మనకు గుండె పీచుపీచుమంటుంది.

కొత్తగా రాస్తున్న పిల్లల నవలలు కొన్ని చదివాను. చివరి అధ్యాయంలో అసలు బాస్ కుర్చీ తిప్పి, తను చేసిందంతా పది పేజీల్లో చెప్తాడు. దయచేసి ఆ కుర్చీ తిప్పకండి. అతని డ్రైవర్ ఫోన్ మోగగానే ఎందుకు లేచి నిలబడ్డాడో రాయండి.

రైకెన్‌బాక్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. వాట్సన్ పరుగున వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. బండకు ఆనించిన హోమ్స్ చేతికర్ర ఉంది. తడిమట్టిలో రెండు జతల అడుగులు జలపాతం అంచుకు వెళ్లాయి, తిరిగొచ్చిన అడుగులు లేవు. వాట్సన్ ఆ అడుగులు చూసి, ఇద్దరూ పోయారని రాశాడు. పదేళ్ల తర్వాత, 1903లో వచ్చిన కథలో, హోమ్స్ తిరిగొచ్చి వాట్సన్ ఎదుట నిలబడ్డాడు.