సర్పగంధ మాత్రలు నిద్ర కోసం వేసుకోవచ్చా?

నమస్తే అండీ. "నిద్ర పట్టడం లేదు, సర్పగంధ మాత్రలు వాడొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ వీడియోలో కంపెనీల పోలిక పెట్టడం లేదు. డబ్బా ఎవరిదైనా లోపల పనిచేసేది ఒకే మొక్క వేరు. కాబట్టి రివ్యూ కూడా దానికే.

పనిచేస్తుందా? చేస్తుంది, బాగానే చేస్తుంది. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే దీన్ని బీపీకి, పిచ్చికి మందుగా చెప్పారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ వ్యాసం బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వచ్చాక విదేశాల కన్ను దీని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వాళ్లు ఈ వేరులోంచి రెసర్పిన్ అనే అసలు మందు పదార్థాన్ని విడదీశారు.

మామూలు నిద్రమాత్రలు చాలావరకు మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. రెసర్పిన్ దారి అది కాదు. మన నాడీకణాలు డోపమైన్, సెరటోనిన్, నారడ్రినలిన్ అనే సందేశ రసాయనాలను చిన్న తిత్తుల్లో దాచుకుంటాయి. తిత్తిలోకి ఎక్కించే ప్రొటీన్ పేరు వీమ్యాట్. రెసర్పిన్ దాన్నే పట్టేస్తుంది. గోడౌన్ దగ్గర హమాలీల చేతులు కట్టేశారనుకోండి, సరుకంతా బయటే పడి ఉంటుంది కదా? ఆ బయట ఉన్నదాన్ని మావో అనే ఎంజైమ్ ముక్కలు చేసేస్తుంది. ఇక కణం విడుదల చేద్దామన్నా నిల్వ ఉండదు. అందుకే మనిషి నెమ్మదిస్తాడు, బీపీ దిగుతుంది. మాత్ర ఆపినా నిల్వలు వెంటనే నిండవు, రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు.

1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. శరీరంలో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించగానే కాసేపట్లో లేచి తిరిగాయి. కదలికకు డోపమైన్ ఎంత అవసరమో అలా బయటపడింది. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు మందుకు దారి తీసింది కూడా ఇదే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. నన్నడిగితే, ఈ వేరు చేసిన పెద్ద మేలు ఇదే!

మరి రేటింగ్? వైద్యుడి చేతిలో మందుగా మంచి మార్కులే. ఆన్‌లైన్‌లో సొంతంగా కొనుక్కునే నిద్రమాత్రగా మాత్రం సున్నా. ముక్కు దిబ్బడ, గుండె వేగం తగ్గడం, కడుపులో యాసిడ్ పెరగడం, దిగులు రావచ్చు. డిప్రెషన్, అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికే పోవద్దు. "ఆయుర్వేదమే కదా, ఏమవుతుంది" అనేవాళ్లకు ఒక మాట: మన డ్రగ్స్ రూల్స్‌లో ఆయుర్వేద మందుల్లో వాడే విష ద్రవ్యాలకు ఈ1 షెడ్యూల్ అని ఒక జాబితానే ఉంది. వత్సనాభి అనే మూలిక ఉన్నది అక్కడే. ఇప్పటికే బీపీ మాత్రలు వాడుతుంటే, ఇది మొదలుపెట్టక ముందే రెండు డబ్బాలూ డాక్టర్‌కు చూపించండి.