రోగి మంచం పక్కన బ్రెడ్డు ప్యాకెట్టు
(గ్రంథాలయ వారోత్సవాల మహిళా సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయాధికారి గారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడిన అమ్మాయిలకు నమస్కారం. పెద్దల పేర్లు ఇప్పటికే నలుగురు చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. చెప్పాల్సింది చాలా ఉంది.

నన్ను పిలిచింది వంట గురించి మాట్లాడమని. "సిస్టరుగారూ, ఆపిల్ పండ్లూ బ్రెడ్డూ వేసి మీరు చేసే ఆ తీపి ఎలాగో చెప్పండి, చలికాలం కదా, పిల్లలకు చేసిపెట్టుకుంటాం" అన్నారు. తప్పకుండా చెబుతాను. చేసి తెచ్చాను కూడా, ఆ బల్ల మీద స్టీలు డబ్బాలో ఉంది. అయితే ఆ తీపి నేను నేర్చుకున్నది ఆసుపత్రి వార్డు పుణ్యమా అని. వార్డు సంగతి వదిలేసి వంట సంగతి ఒక్కటే చెప్పమంటే నా వల్ల కాదు.

మన ఇళ్ళలో బ్రెడ్డు ఎప్పుడు కొనేవాళ్ళమో గుర్తు తెచ్చుకోండి. జ్వరం వస్తే కొనేవాళ్ళం. పాలలో ముంచి పెట్టేవాళ్ళు, నాలుక చేదుగా ఉండి అదీ సహించేది కాదు. ఆపిల్ పండు ఎప్పుడు కొనేవాళ్ళం? ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చితే చూడ్డానికి వెళ్తూ కొనేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఇవి రోజూ తినేవే అయ్యాయి గానీ, నా ఈడువాళ్ళకు బ్రెడ్డు వాసన తగిలితే థర్మామీటరే గుర్తొస్తుంది. ఆ రెండింటినీ ఒక గిన్నెలో వేసి, వేడివేడిగా, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయేట్టు చేసే పద్ధతి ఒకటుంది. దాని పేరు బ్రౌన్ బెట్టీ. అమెరికా ఇళ్ళలో పందొమ్మిదో శతాబ్దం నుంచి చేసుకుంటున్న తీపి. నిలవ బ్రెడ్డు పొడి, ఆపిల్ ముక్కలు, చక్కెర, వెన్న వరసలు వరసలుగా పేర్చి ఓవెన్‌లో పెడతారు, అంతే. గుడ్డు లేదు, పాలు లేవు. గుడ్డు తినని ఇళ్ళలో కూడా నిశ్చింతగా చేసుకోవచ్చు.

మరి గుంటూరు జిల్లా పిల్లకు ఇది ఎలా తెలిసిందంటారా? 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. అప్పటి నుంచీ ఆ ప్రాంతంలో మిషనరీ వైద్యం ఉంది. నాకు పని నేర్పిన సీనియర్ సిస్టరు ఒక మిషన్ ఆసుపత్రిలో చదువుకుని వచ్చినావిడ. బార్లీ నీళ్ళు, గంజి, కస్టర్డు, సూపు, ఇవన్నీ ఇంజెక్షను ఇవ్వడం ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని మాకు నేర్పింది. ఈ బెట్టీ కూడా ఆవిడ చేతిదే.

సరే, కొలతలు చెబుతాను, రాసుకోండి. నలుగురైదుగురికి సరిపోయేట్టు: మాదిరి సైజు ఆపిల్స్ నాలుగు, బ్రెడ్డు ముక్కలు ఆరు, బెల్లం తురుము 100 గ్రాములు, వెన్న 60 గ్రాములు, ఒక నిమ్మకాయ, దాల్చినచెక్క పొడి అర టీస్పూను, చిటికెడు ఉప్పు. వెన్న లేకపోతే నెయ్యి వాడండి, ఇంకా బాగుంటుంది. అమెరికాలో బ్రౌన్ షుగర్ వేస్తారు, మనకు బెల్లం ఉండగా అదెందుకు?

ఆపిల్ మీద మైనం పూత ఉంటుంది కాబట్టి గోరువెచ్చటి నీళ్ళతో రుద్ది కడగండి. రోగికైతే తొక్క తీసెయ్యండి, పిల్లలకైతే ఉంచినా పర్వాలేదు. గట్టిగా కరకరలాడే పండే కావాలని లేదు. బండిమీద తెచ్చాక నాలుగు రోజులకు పిండిపిండిగా అయిపోయి, ఎవరూ ముట్టుకోకుండా ఫ్రిజ్‌లో పడి ఉంటుంది చూడండి, ఆ పండు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మనకు దొరికే ఎర్ర ఆపిల్‌లో పులుపు తక్కువ, అందుకే నిమ్మరసం తప్పనిసరి. ముక్కలు కొయ్యగానే నిమ్మరసం పట్టించారంటే నల్లబడవు కూడా.

ఆ ఎర్ర ఆపిల్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. శామ్యూల్ స్టోక్స్ అని అమెరికాలోని ఫిలడెల్ఫియా కుర్రాడు, డబ్బున్న ఇంటి బిడ్డ, 1904లో మన దేశం వచ్చాడు. ఎందుకు వచ్చాడనుకున్నారు? సిమ్లా కొండల దగ్గర సబాథూలో కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవ చెయ్యడానికి. తరవాత అక్కడే కోట్‌గఢ్‌లో స్థిరపడ్డాడు. అక్కడి రైతుల పేదరికం చూసి 1916లో అమెరికా నుంచి రెడ్ డెలీషస్ మొక్కలు తెప్పించి నాటాడు. హిమాచల్ ఆపిల్ తోటల పెంపకానికి అదే పునాది. మన స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు కూడా వెళ్ళాడు, పేరు సత్యానంద అని మార్చుకున్నాడు. రోగులకు సేవ చెయ్యాలని వచ్చిన మనిషి నాటిన చెట్టమ్మా అది! ఆ పండును మనం రోగి మంచం పక్కన ఎలా పెట్టి వస్తున్నామో చెప్పాలనే నేను ఇక్కడికి వచ్చింది.

నేను పనిచేసిన ఆసుపత్రుల పేర్లు ఇక్కడ అనవసరం. ఏ ఊరైనా ఇదే తంతు. ఎవరో నాయకుడి పుట్టినరోజు. పొద్దున్నే పాతికమంది అనుచరులు, మెడలో కండువాలు, వెంట ఫొటోగ్రాఫరు. మగవాళ్ళ వార్డులోకి చెప్పులతో వచ్చేస్తారు. మంచానికి ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, రెండు ఆపిల్స్. రోగి చేతిలో పెట్టి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని కెమెరా వైపు తిరుగుతారు. మర్నాడు పేపర్లో "రోగులకు పండ్లు, బ్రెడ్డు పంపిణీ" అని వస్తుంది. మీరందరూ చదివే ఉంటారు.

అలాంటి ఒకరోజు నా వార్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. కూలిపని చేసుకునే మనిషి. టైఫాయిడ్ వచ్చి తగ్గింది, ఒంట్లో మాత్రం ఓపిక లేదు. ఒక్క పన్ను లేదు. ఫొటో అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన ఒళ్ళో రెండు ఆపిల్ పండ్లు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు, తువ్వాలుతో తుడిచాడు, చిగుళ్ళతో కొరకబోయాడు. పండు మీద తడి తప్ప గాటు పడలేదు. మళ్ళీ తుడిచి పక్కన పెట్టి, "నర్సమ్మా, ఇది ఎట్టా తినాలి?" అని నన్ను అడిగాడు.

ఏం చెప్పమంటారు? వార్డులో చాకు లేదు. కోసిపెట్టే మనిషి లేదు. పాలు తెచ్చుకుందామంటే వాళ్ళావిడ దగ్గర బస్సు చార్జీలే ఉన్నాయి. ఎండు బ్రెడ్డు ఆయన గొంతు దిగదు. ఆ ఆపిల్స్ మూట కట్టి మనవడికి పంపిద్దామని చూస్తున్నాడు. తినాల్సినవాడు మాత్రం ఆకలితో ఉన్నాడు. ఆ ఒక్క మంచం సంగతే కాదు, వార్డంతా అంతే! రెండు రోజులు గడిస్తే ప్రతి లాకరు కిందా బూజు పట్టిన బ్రెడ్డే. ఊడ్చి పారబోసేది మా ఆయమ్మలు.

ఆరోజు మా సీనియర్ సిస్టరు వార్డంతా తిరిగింది. "మీ బ్రెడ్డు, మీ పళ్ళు నాకివ్వండి, సాయంత్రం తినేట్టు చేసి తెస్తాను" అని అడిగి ఇచ్చినవాళ్ళ దగ్గర పళ్ళెంలో పోగుచేసింది. డ్యూటీ దిగాక నర్సుల క్వార్టర్సులో కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, పెద్ద డేగిసాలో ఇసక పోసి, దాని మీద అల్యూమినియం గిన్నె పెట్టి చేసింది. ముక్కలు నేనే కోశాను. సాయంత్రం వేడిగా తీసుకెళ్ళి ఆ పెద్దాయన్ని దిండుకు ఆనించి కూర్చోబెట్టి చెంచాతో పెట్టాం. మొదటి చెంచా నోట్లోనే ఉంచుకుని కాసేపు చప్పరించాడు. రెండోది అడిగి పెట్టించుకున్నాడు. "కమ్మగా ఉందమ్మా, ఇంకొంచెం పెట్టు" అన్నాడు. జ్వరం పడి లేచిన మనిషి ఇంకొంచెం పెట్టమని అడిగితే నర్సుకు అంతకన్నా కావాల్సింది ఉండదు.

ఎంతవరకు చెప్పాను? ఆపిల్ ముక్కల దగ్గర ఆగాం కదా. ఇక బ్రెడ్డు. నిన్నటిదో మొన్నటిదో కావాలి, తాజాది పనికిరాదు. తాజా బ్రెడ్డులో ముందే తేమ ఉంటుంది, ఆపిల్ నీరు తగలగానే జిగురు ముద్ద అయిపోతుంది. నిలవదైతే ఆ రసాన్ని పీల్చుకుంటుంది. ఆపిల్‌లో నూటికి 85 పాళ్ళు నీరే మరి. ఇంకో సంగతి, బ్రెడ్డు మెత్తగా ఉండాలని ఫ్రిజ్‌లో పెడతారు మనవాళ్ళు. ఫ్రిజ్ చల్లదనంలో బ్రెడ్డులోని పిండిపదార్థం బయటకన్నా తొందరగా గట్టిపడుతుంది. దాచాలంటే పైన ఫ్రీజర్లో పెట్టండి, లేదా బయటే ఉంచి రెండు రోజుల్లో వాడెయ్యండి. బూజు చుక్క కనిపిస్తే మాత్రం ఆ ముక్క తుంచి మిగతాది వాడకండి, మొత్తం పారెయ్యాలి.

అంచు ముక్కలతో సహా చేత్తో తుంచి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. రవ్వలా రావాలి, పిండి కాకూడదు. మూకుడులో వెన్న కరిగించి, సన్న సెగ మీద ఆ పొడిని గోధుమరంగు వచ్చేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడొద్దు. రుచంతా ఈ వేపుడులోనే ఉంది. ఆపిల్ ముక్కల్లో బెల్లం, దాల్చినచెక్క, ఉప్పు కలపండి. గిన్నెలో అడుగున మూడోవంతు పొడి, పైన సగం ముక్కలు, మళ్ళీ మూడోవంతు పొడి, మిగతా ముక్కలు. మూడు పెద్ద చెంచాల నీళ్ళు చిలకరించండి. ఓవెన్ ఉన్నవాళ్ళు మిగిలిన పొడి కూడా పైన చల్లి, మూతపెట్టి 180 డిగ్రీల్లో అరగంట, మూత తీసి ఇంకో పావుగంట ఉంచండి.

ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లో చెయ్యండి, మీలో చాలామంది కేకు అలాగే చేస్తారు కదా. అడుగున రెండు గ్లాసుల ఉప్పు, దాని మీద స్టాండు పెట్టండి. మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసెయ్యాలి. పది నిమిషాలు వేడెక్కాక గిన్నె మీద మూతపెట్టి లోపల ఉంచి, సన్న సెగ మీద ముప్పావుగంట. పుల్లతో గుచ్చితే ముక్కలోకి వెన్నలా దిగాలి. కుక్కర్లో పైభాగం ఎర్రబడదు. అందుకని ఆ చివరి మూడోవంతు పొడి పక్కన ఉంచుకుని, కరకరలాడేట్టు వేయించి, తినేముందు పైన చల్లండి. నేనివాళ తెచ్చింది అలా చేసిందే. రోగికైతే ఆ కరకరలాడే పొడి అక్కర్లేదు.

ఇది గ్రంథాలయం కాబట్టి రెండు పుస్తకాల సంగతి చెబుతాను. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన "నోట్స్ ఆన్ నర్సింగ్"లో రోగి తిండి గురించే రెండు అధ్యాయాలు ఉన్నాయి. తినని తిండిని రోగి పక్కనే గంటల తరబడి వదిలెయ్యొద్దని, అలా వదిలేస్తే అసలేమీ తినడని అప్పుడే రాసింది. ఇంకొకావిడ ఫ్యానీ ఫార్మర్, అమెరికా బోస్టన్‌లో వంట నేర్పిన మనిషి. చెంచా మీద పోగు లేకుండా సమంగా గీసి కొలవడం జనానికి అలవాటు చేసింది ఆవిడే. పదహారో ఏట పక్షవాతం వచ్చి ఏళ్ళ తరబడి మంచాన పడింది. రోగుల వంట గురించి 1904లో పుస్తకం రాసింది, హార్వర్డ్‌లో డాక్టర్లకు పాఠాలు చెప్పింది. మంచం మీద పడుకున్నవాళ్ళ ఆకలి ఆవిడకు తెలుసు.

అమ్మా, మీలో ఎవరెవరు ఆసుపత్రికి బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకెళ్ళారో చేతులెత్తండి. చూడండి, సభ సభంతా ఎత్తింది. ప్రేమతోనే తీసుకెళ్ళారు, నాకు తెలుసు. వట్టి చేతులతో వెళ్ళకూడదని దారిలో దొరికింది కొన్నారు. ఈసారి వెళ్ళేముందు ఒక ఫోను చెయ్యండి, "వదినా, అన్నయ్య ఏం తినగలుగుతున్నాడు?" అని అడగండి. బాబూ, ఆ తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళూ, మీక్కూడా చెబుతున్నాను. మీ నాయకుడి పుట్టినరోజు మీరు చేసుకోండి, కాదనను. ఒక ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో ఒక వార్డుకు సరిపడా వేడి జావో, మెత్తటి పెరుగన్నమో, ఈ తీపో చేయించి తీసుకెళ్ళండి. ముందురోజే డ్యూటీ సిస్టర్ని కలిసి ఎవరు ఏం తినొచ్చో అడగండి. ఫొటో తియ్యకండి. ఆ మనిషి చిరిగిన దుప్పటి కప్పుకుని ఉంటాడు, ఆ బొమ్మ ఊరంతా చూడాలా?

తీసుకెళ్ళేటప్పుడు చిన్న స్టీలు డబ్బాలో వేడిగా పెట్టండి, చెంచా మర్చిపోకండి. ఆపరేషన్ అయినవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు డాక్టరు చెప్పకుండా పెట్టొద్దు. పడుకోబెట్టి అస్సలు పెట్టొద్దు, పొలమారుతుంది. వీపు వెనక రెండు దిండ్లు ఆనించి, కొద్దికొద్దిగా, మింగాక మళ్ళీ పెట్టండి. రెండు చెంచాలకే చాలంటే బలవంతపెట్టకండి. మిగిలింది అక్కడ వదిలెయ్యకుండా డబ్బా ఇంటికి తెచ్చేసుకోండి, రేపు మళ్ళీ తాజాగా తీసుకెళ్ళొచ్చు.