గుడ్డు పడని పిల్లాడికి ఫ్లూ టీకా వేయించొచ్చా?

నమస్తే అండీ. మా అక్క కొడుక్కి గుడ్డు పడదు. చిన్నప్పుడు కేకు ముక్క తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచిపోయాయి. ఈసారి వానలు మొదలవకముందే ఫ్లూ టీకా వేయిద్దామని తీసుకెళ్తే, "గుడ్డు అలర్జీనా? అయితే వద్దులెండి" అని పంపేశారు. వాడికి ఉబ్బసం కూడా ఉందండీ. అందరికంటే ముందు టీకా పడాల్సిన పిల్లాడు!

2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది గుర్తుందా? మన దేశంలో తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. ఆ ఏడాది అమెరికాలో ఆస్పత్రి పాలైన ఫ్లూ రోగులను చూస్తే, అంతకుముందే ఉన్న జబ్బుల్లో ఎక్కువగా కనిపించింది ఉబ్బసమే.

మరి గుడ్డు భయం ఎక్కడిది? ఫ్లూ టీకాల్లో చాలావాటికి వైరస్‌ను కోడిగుడ్లలోనే పెంచుతారు. చివరికి టీకాలో మిగిలే గుడ్డు ప్రోటీన్ మాత్రం లేశమంతే. అలర్జీ నిపుణులు ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లలకే టీకా వేసి, పక్కనే ఉండి గమనించి, ఆ భయం అక్కర్లేదని తేల్చారు. 2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లకు అందరికీ తీసుకునే జాగ్రత్తలే చాలంది. అయితే ఇదివరకు ఫ్లూ టీకాకే ఒళ్లు తీవ్రంగా ఎదురుతిరిగితే అది వేరే సంగతి. వాళ్లు ముందు అలర్జీ డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

మందుల్లోనూ తేడా ఉందండీ. ఫ్లూకి వాడే జనామివిర్ పొడిమందు, లోపలికి పీల్చుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు దానితో ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవచ్చు, అందుకే వాళ్లకు ఇవ్వరు. ఒసెల్టామివిర్ మింగే మందు. జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. తుమ్ములు, ముక్కు దురద అలర్జీలోనూ ఉంటాయి గానీ జ్వరం ఉండదు. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే "వీడికి మామూలేలే" అని ఊరుకోకండి.

ఇంకోటి, ఇన్‌హేలర్. "అలవాటైపోతుంది" అని కాస్త తగ్గగానే మానేస్తారు. అక్క బీరువాలోంచి తీసి చూస్తే, ఇంకెన్ని డోసులు మిగిలాయో చూపే కౌంటర్‌లో సున్నా ఉంది! ఫ్లూ రోజుల్లో దాన్ని అస్సలు ఆపకూడదు.

చివరికి వాడికి అలర్జీ డాక్టరు దగ్గరే టీకా వేయించాం. పావుగంట కూర్చోబెట్టారు. చెయ్యి కాస్త నొప్పి, అంతే. అక్క మాత్రం ఆ పావుగంటా వాడి పెదవుల వంకే చూస్తూ కూర్చుంది.