‘నాకు తెలియదు’ అన్న మాటలో దాగిన ఆధారం

సభకు నమస్కారం.

పజిళ్లను పదిమందితో కలిసి ఆన్‌లైన్‌లో విప్పడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ముందుగా మా అమ్మమ్మగారి ఇంటి అరుగు గుర్తుకు వచ్చింది. వేసవి సాయంత్రాల్లో ఆవిడ అక్కడ కూర్చుని, చింతపండు గింజలు తీస్తూ మాకు పొడుపు కథలు వేసేది. ‘‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది’’ అని ఒకనాడు అడిగితే, మా పెద్దన్నయ్య మంచం అన్నాడు. మంచం ఆడదు కదా అని అక్కయ్య కొట్టిపారేసింది. నేను ఊయల బల్ల అన్నాను. ఊయల ఊగుతుందే కాని తైతక్కలాడదని అమ్మమ్మ ఒప్పుకోలేదు. అప్పటివరకు నోరు విప్పని చెల్లెలు, ‘‘అయితే అది గిరగిరా తిరిగేదై ఉండాలి’’ అన్నది. ఆ మాటతో అందరి చూపూ వంటింటి గుంజ దగ్గరున్న కవ్వం మీదికి పోయింది. కవ్వం అని పైకి అన్నది ఎవరో నాకిప్పుడు గుర్తు లేదు. మంచం అన్నవాడికీ, ఊయల అన్న నాకూ కూడా ఆ విడుపులో వాటా ఉందని మాత్రం ఈనాటికీ నమ్ముతాను.

కొన్నేళ్లుగా నేను నలభై మంది సభ్యులున్న ఒక వాట్సాప్ బృందంలో ఉన్నాను. గుంటూరులో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, వరంగల్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని, బెంగళూరులో ఇద్దరు విద్యార్థులు, డాలస్‌లో ఒక ఇంజనీరు, ఇలా ఎక్కడెక్కడివారో అందులో ఉన్నారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక పజిల్ పెడతాం. మర్నాడు తొమ్మిదింటి దాకా జవాబు ఎవరూ రాయకూడదు. విప్పినవారు ‘విప్పాను’ అని ఒక్క మాట రాసి ఆగాలి. ముందే విని ఉన్నవారు ఆ సంగతి చెప్పి పక్కన ఉండాలి. విప్పలేనివారు ఎంతవరకు వచ్చారో, ఎక్కడ ఆగిపోయారో రాయాలి. ఈ మూడో నియమమే మా బృందానికి ప్రాణం. మేం ఇక్కడ నిద్రకు ఉపక్రమించే వేళకు డాలస్‌లో పగలు కాబట్టి, ఒకరు వదిలిన ఆలోచన కొసను ఇంకొకరు పట్టుకుంటారు, తెల్లవారి చూసేసరికి అది ఎక్కడికో చేరి ఉంటుంది.

ఒక సంఘటన వివరంగా చెబుతాను. 2015 ఏప్రిల్‌లో సింగపూర్‌లో జరిగిన ఒక గణిత ఒలింపియాడ్ ప్రశ్నను అక్కడి టీవీ వ్యాఖ్యాత ఒకరు ఆన్‌లైన్‌లో పెడితే, అది ప్రపంచమంతా పాకింది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు ఇచ్చిన ఆ ప్రశ్నలో షెరిల్ అనే అమ్మాయి తన పుట్టినరోజు వీటిలో ఒకటని పది తేదీలు చెబుతుంది: మే 15, 16, 19, జూన్ 17, 18, జులై 14, 16, ఆగస్టు 14, 15, 17. తర్వాత ఆల్బర్ట్‌కు నెల మాత్రమే, బెర్నార్డ్‌కు తేదీ అంకె మాత్రమే చెవిలో చెబుతుంది. దీనిని నేను తెలుగు చేసి, షెరిల్‌ను చారుమతిగా, మిగిలిన ఇద్దరినీ ఆనంద్, భాస్కర్‌గా మార్చి మా బృందంలో పెట్టాను. ఆనంద్ మొదటి మాటను ఇలా రాశాను: ‘‘పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలియదు, భాస్కర్‌కు కూడా తెలియదు.’’ అప్పుడు భాస్కర్, ‘‘మొదట నాకు తెలియలేదు కాని ఇప్పుడు తెలిసింది’’ అంటాడు. ‘‘అయితే నాకూ తెలిసింది’’ అని ఆనంద్ ముగిస్తాడు.

గుంటూరు మాస్టారు ఆగస్టు 17 తేల్చారు, డాలస్ ఇంజనీరు జులై 16 తేల్చారు. మర్నాడు రాత్రి ఇద్దరూ తమ తర్కం మొత్తం రాశారు. 18 జూన్‌లోనూ, 19 మేలోనూ తప్ప ఇంకెక్కడా లేవు. భాస్కర్ ఆ అంకెల్లో ఏది విన్నా వెంటనే కనిపెట్టేవాడు. కాబట్టి జూన్ 18ని, మే 19ని మాత్రం కొట్టేయాలన్నారు మాస్టారు. అప్పుడు జూన్‌లో 17 ఒక్కటే మిగులుతుంది. ఆనంద్ విన్న నెల జూన్ అయితే అతనికి తెలిసిపోయేది, తెలియదన్నాడు కాబట్టి జూన్ పోయింది. మిగిలిన తేదీల్లో ఒక్కసారే వచ్చే అంకె 17, అంటే ఆగస్టు 17. ఇందులో ఎక్కడా పగులు కనబడదు. ఇంజనీరు వాదన వేరు: నెల మాత్రమే తెలిసిన ఆనంద్ భాస్కర్‌కు తెలియదని అంత గట్టిగా చెప్పగలిగాడంటే, అతని నెలలో 18 గాని 19 గాని ఉండనే కూడదు, కాబట్టి మే, జూన్ మొత్తం పోవాలి. మిగిలినవాటిలో 14 రెండు నెలల్లోనూ ఉంది. భాస్కర్‌కు తెలిసిపోయింది కాబట్టి అదీ పోతుంది. ఆగస్టులో ఇంకా రెండు తేదీలు మిగిలాయి కనుక, ఆనంద్‌కు కూడా తెలియాలంటే జులై 16 కావలసిందే.

రెండు రోజులు వాదన సాగింది. చివరకు వరంగల్ సభ్యురాలు, ‘‘భాస్కర్‌కు తెలియదన్న సంగతి ఆనంద్ తనంతట తాను తేల్చుకున్నాడా, ఎవరైనా అతనికి చెప్పారా?’’ అని అడిగారు. అప్పుడు నేను మూలం తీసి చూసుకున్నాను. అక్కడ ఆల్బర్ట్ అనేది ‘బెర్నార్డ్‌కు కూడా తెలియదని నాకు తెలుసు’ అని. నా అనువాదంలో ‘నాకు తెలుసు’ అన్న రెండు మాటలు జారిపోయాయి. ఆ రెండు మాటలుంటే జులై 16. లేకపోతే మాస్టారి దారికి కూడా తలుపు తెరుచుకుంటుంది. సింగపూర్ ప్రశ్న విషయంలో కూడా ఆగస్టు 17 అని ఎంతోమంది వాదించారు. సరైన జవాబు జులై 16 అని నిర్వాహకులు వివరణ ఇవ్వవలసి వచ్చింది. మాస్టారు తన జవాబు మాత్రం రాసి, దారి రాయకపోయి ఉంటే, మేము ఆయన లెక్క తప్పిందనుకుని ముందుకు పోయేవాళ్లం. నా పొరపాటు ఎవరికీ దొరికేది కాదు.

పెద్ద గణితజ్ఞులు కూడా ఈ పద్ధతినే పరీక్షించి చూశారు. 2009లో కేంబ్రిడ్జ్ ఆచార్యుడు టిమొతీ గోవర్స్, ఒక సిద్ధాంతానికి కొత్త నిరూపణ కోసం పాలీమాత్ పేరుతో అందరినీ ఆన్‌లైన్‌లో పిలిచారు. అడ్డం, నిలువు, ఐమూల గీతలు కలిపే పిల్లల గళ్ల ఆట లాంటి దానిని ఎన్నో కొలతల్లోకి పెంచితే వచ్చే సిద్ధాంతమది. ఒంటరిగా వారాల తరబడి కూర్చుని పూర్తి పరిష్కారంతో రావద్దు, అరకొర ఆలోచనే అయినా వెంటనే రాయండి, తెలివితక్కువగా కనబడుతుందని వెనుకాడవద్దు అన్నది ఆయన నియమాల సారం. ఆరు వారాలు తిరగకముందే సమస్య దాదాపు తేలిపోయిందని ఆయన ప్రకటించారు. ఆ నిరూపణ అందరికీ కలిపి పెట్టుకున్న ఒకే పేరుతో ఆ తర్వాత ప్రసిద్ధ గణిత పత్రికలో అచ్చయింది. అదే ఏడాది జులైలో మరో గణితజ్ఞుడు టెరెన్స్ టావ్, అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మిడత గెంతుల మీద వచ్చిన ఆరో ప్రశ్నను ఇలాగే పదిమంది ముందు పెట్టారు. పోటీలో 565 మందికి గాను ముగ్గురే పూర్తిగా సాధించిన ఆ ప్రశ్న, అందరూ కలిసి కూర్చున్నప్పుడు విడిపోయింది.

జవాబు వెతకడానికి ఇప్పుడు అర నిమిషం చాలు. అందుకే కొత్తగా చేరినవారిని మేము ఒక్కటే కోరతాం: ఒక రాత్రి ఆగండి. జవాబు ముందే చూసినవారు, మాస్టారి తర్కం ఎక్కడ దారి మళ్లిందో వెతికే ఓపిక చూపలేరు.

మీతో కూడా ఒకసారి ప్రయత్నించాలని ఉంది. ఐదు టోపీలు ఉన్నాయి, మూడు ఎర్రవి, రెండు తెల్లవి. ఈ సంగతి అందరికీ తెలుసు. వాటిలో తలా ఒకటి పెట్టుకుని ముగ్గురు ఒకరి వెనుక ఒకరు వరుసగా నిలబడ్డారు, ఎవరి టోపీ వారికి కనబడదు, ముందున్నవారి టోపీలు మాత్రం కనబడతాయి. అందరికంటే వెనుక ఉన్నవారిని తమ టోపీ రంగు అడిగితే, ‘‘నాకు తెలియదు’’ అన్నారు. అది విని మధ్యలో ఉన్నవారు కూడా, ‘‘నాకూ తెలియదు’’ అన్నారు. ఎవరి టోపీనీ చూడలేని ముందున్న వ్యక్తి, ‘‘నాకు తెలిసింది’’ అన్నారు. ఆ టోపీ రంగేమిటి, ఎలా తెలిసింది? విప్పినవారు చేయి మాత్రమే ఎత్తండి, జవాబు చెప్పకండి. విప్పలేనివారు ఎక్కడిదాకా వచ్చారో పక్కనున్నవారికి చెప్పండి. పది నిమిషాలు మీవే.