ఖాళీ వెస్ట్ అందరికీ బాగానే ఉంటుంది: ఫెజెంట్, క్వెయిల్ వేటకు ఏది కొనాలి?

నమస్కారం అండి. ఈ టేబుల్ మీద మూడు వెస్టులున్నాయి. వెస్ట్ అంటే తూటాలు, నీళ్లు, కొట్టిన పక్షులు మోసుకెళ్లడానికి వేటగాళ్లు తొడుక్కునే చేతుల్లేని జేబుల కోటు. మూడూ అప్‌ల్యాండ్ వేటకు పనికొచ్చేవే. అప్‌ల్యాండ్ అంటే చెరువు గట్టున దాక్కుని బాతుల కోసం కాచుకునే వేట కాదు. గడ్డిలో, తుప్పల్లో, కొండవాలుల్లో కుక్క వెనకాల మైళ్లకు మైళ్లు నడిచి, పక్షి లేస్తే కొట్టే వేట. ముందే ఒక మాట. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలాంటి వేట నేరం. ఈ వీడియో అమెరికాలో లైసెన్స్ తీసుకుని, హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేసి వేటకు వెళ్లే మనవాళ్ల కోసం.

షాపులో వెస్ట్ వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏదైనా బాగానే ఉంటుంది. ఎందుకంటే అది ఖాళీగా ఉంది. దాని అసలు రంగు బరువు పడ్డాకే బయటపడుతుంది. సౌత్ డకోటాలో ఫెజెంట్, అంటే పొడుగు తోక ఉండే కోడిజాతి అడవి పక్షి, వేటనే తీసుకోండి. రోజుకి 3 పుంజులు కొట్టొచ్చు, పెట్టల్ని ముట్టుకోకూడదు. పుంజు ఒక్కోటి కిలోంపావు అనుకున్నా మూడింటికి 4 కిలోల దగ్గరకొస్తుంది. 12 గేజ్ తూటాలు 25 ఉన్న పెట్టె దాదాపు కిలోంపావు. గేజ్ అంటే తుపాకీ గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం, తూటా సన్నం. మీకూ కుక్కకీ కలిపి 2 లీటర్ల నీళ్లు, అంటే 2 కిలోలు. వెస్ట్ సొంత బరువు, కుక్క సామాను కూడా కలిపితే మధ్యాహ్నానికి మీ ఒంటి మీద 9 కిలోలు దాకా ఉంటాయి. ఆ 9 కిలోలు ఎక్కడ మోస్తున్నారన్నదే అసలు సంగతి. భుజాల మీదైతే రెండు గంటల్లో మెడ పట్టేస్తుంది. తుంటి మీదైతే సాయంత్రం దాకా నడవొచ్చు.

అందుకే కొనగానే ట్యాగులు కత్తిరించకండి. ఇంట్లో కందిపప్పు, బియ్యం కిలో ప్యాకెట్లుంటాయి కదా, నాలుగు తీసి వెనక సంచిలో వెయ్యండి. నీళ్ల సీసాలు వాటి జేబుల్లో పెట్టండి. తూటాల జేబుల్లో ఒక్కోదానిలో అరకిలో ఉప్పు ప్యాకెట్ పెట్టండి. వేటకు ఏ కోటు వేసుకుంటారో దాని మీదే వెస్ట్ తొడగండి. అక్టోబర్‌లో పల్చటి చొక్కా, జనవరిలో మందపాటి జాకెట్. రెండింటి మీదా సరిపోవాలి.

ఇప్పుడు సరిచేసుకునే పద్ధతి. పట్టీలన్నీ వదులు చెయ్యండి. ముందు నడుం పట్టీ. నడుం పక్కల చేత్తో తడిమితే ఎముక గట్టిగా తగులుతుంది, పట్టీ సగం దానికి పైన, సగం కింద ఉండేలా పెట్టి బిగించండి. పొట్ట మీద కాదు, ఎముక మీద. ఆ తర్వాతే భుజం పట్టీలు, అవి కూడా ఒంటికి ఆనేంత వరకే. కొన్నిటికి భుజం పైనుంచి వెనక సంచి పైభాగానికి చిన్న పట్టీ ఉంటుంది, లోడ్ లిఫ్టర్ అంటారు. దాన్ని లాగితే సంచి వెనక్కి వేలాడకుండా వీపుకి దగ్గరగా వస్తుంది. ఛాతీ పట్టీ ఆఖరున. దాని కింద రెండు వేళ్లు దూరాలి. చాలామంది ముందు భుజాలు బిగించి తర్వాత నడుం పెడతారు. అలా చేస్తే బరువంతా పైనే ఉండిపోతుంది, నడుం పట్టీ ఉత్త అలంకారం.

ఇక్కడ మన ఒడ్డూ పొడుగూ గురించి కూడా చెప్పుకోవాలి. ఇక్కడి కొలతలు పొడుగాటి మొండేనికి కుట్టినవి. 30 అంగుళాల నడుం ఉన్నవాళ్లు 'అందరికీ ఒకే సైజు' రకం కొంటే, పట్టీ పూర్తిగా లాగినా పక్కల మెత్తలు ముందుకొచ్చి ఒకదానికొకటి తగులుతాయి, ఇంక బిగుసుకోదు. పట్టీ ఎంత పెద్దదవుతుందో కాదు, ఎంత చిన్నదవుతుందో అడగండి. వీపు పొడవు మార్చుకునే వీలున్న రకమైతే ఇంకా మంచిది.

బరువు పెట్టుకుని పది నిమిషాలు మెట్లెక్కి దిగండి. మోకాళ్ల మీద కూర్చోండి. వంగి టేబుల్ కింద నుంచి దూరండి. పొలాల్లో ముళ్ల తీగ కంచె కింద నుంచి దూరేది అలాగే కాబట్టి. జేబుల్లోంచి ఏం జారిపడిందో చూసుకోండి. తూటాల జేబులు నడుస్తుంటే తొడల్ని కొడుతున్నాయా? కొడితే అవి మరీ కిందకి ఉన్నట్టు. ఇంట్లో పది నిమిషాలకే విసుగొస్తే అక్కడ ఆరు గంటలు చెయ్యలేరు.

తర్వాత తుపాకీ. దీనికి మాత్రం తొందర వద్దు. తుపాకీ తెరిచి, లోపల తూటా కూర్చునే గది (ఛాంబర్) ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే. ఇప్పుడు వెస్ట్ మీద పదిసార్లు భుజానికి ఎత్తండి. కాలర్ ఎముకకీ భుజం గుండుకీ మధ్య గుంట ఉంటుంది చూడండి, తుపాకీ మడమ వచ్చి కూర్చోవాల్సింది అక్కడ. కెమెరా దగ్గరకి తెస్తాం, ఈ రెండో వెస్ట్ చూడండి. పట్టీ సరిచేసే ప్లాస్టిక్ బకిల్ సరిగ్గా ఆ గుంట మీదకే వచ్చింది. పేల్చిన ప్రతిసారీ ఆ బకిల్ ఎముకలోకి దిగుతుంది. ఈ మొదటిదానికి బకిల్ లేదు గానీ వేలెడంత మందం మెత్త ఉంది. మెత్తగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మెత్త ఎంత మందమో తుపాకీ అంత పొడుగైనట్టే. దాని కింద జాకెట్ మందం కూడా కలిస్తే తుపాకీ పైకి వస్తూ వస్తూ చంకలో తట్టుకుంటుంది. ఫెజెంట్ లేచాక మీకుండేది రెండు మూడు సెకన్లు, అందులో ఒకటి అక్కడే పోతుంది. పేల్చే భుజం వైపు పట్టీ పల్చగా, నున్నగా ఉన్నదే తీసుకోండి. ఎడమచేతి వాటం వాళ్లు అటువైపు చూసుకోవాలి. కొన్ని కంపెనీలు కుడివైపు ఒక్కటే పల్చగా కుడతాయి.

తూటాల జేబులకి చిన్న పరీక్ష. చలి గ్లౌజులు తొడుక్కోండి, కళ్లు ఎదురుగా గోడ మీద పెట్టండి. కిందకి చూడకుండా రెండు తూటాలంత వస్తువులు, రెండు పసుపు కొమ్ములైనా సరే, తియ్యగలరా? చెయ్యి మణికట్టు దాకా జేబులో పట్టాలి. మూత ఉంటే దాన్ని లోపలికి మడిచి తెరిచి ఉంచే వీలుండాలి. తిరిగి మూసే వీలు కూడా ఉండాలి, లేకపోతే కంచె దగ్గర వంగినప్పుడు గుప్పెడు తూటాలు గడ్డిపాలు. వెల్క్రో మూతలు మాకు నచ్చవు. చప్పుడు ఒక కారణం. రెండోది, ముళ్ల కాయలు అంటుకుని నెలలో పనిచెయ్యడం మానేస్తుంది. ఒక్కో తూటాకి ఒక్కో ఎలాస్టిక్ ఉచ్చు ఉండే రకం ఫొటోల్లో అందంగా ఉంటుంది. గ్లౌజులతో తియ్యడం కష్టం, వదులయ్యాక తూటాలు నిలవవు. మామూలు జేబే మేలు. పుంజుల వేటకు 12 నుంచి 15 తూటాలు వెంట ఉంచుకుని మిగతావి కార్లో పెట్టండి. ఆ అరకిలో తగ్గితే మోకాళ్లకు తెలుస్తుంది. పేల్చిన ఖాళీ గొట్టాలకు వేరే జేబు ఉండాలి. కొత్తవీ ఖాళీవీ ఒకేచోట వేస్తే తొందరలో ఖాళీదే చేతికొస్తుంది.

ఇంట్లో 12 గేజ్, 20 గేజ్ రెండు తుపాకులూ ఉన్నవాళ్లు ఇది శ్రద్ధగా వినండి. 20 గేజ్ తూటాలు మామూలుగా పసుపు రంగులో ఉంటాయి. ఆ రంగు ఊరికే పెట్టలేదు. పొరపాటున పసుపు తూటా 12 గేజ్ తుపాకీలో వేస్తే అది గదిలో ఆగదు. జారి లోపలికెళ్లి గొట్టంలో ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే గది ఖాళీగానే కనిపిస్తుంది. తూటా పెట్టలేదేమో అనుకుని వెనక 12 గేజ్‌ది పెట్టి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది. అదీ ముందు చెయ్యి పట్టుకునే చోటికి దగ్గర్లో. వెస్ట్ ఒకటే పెట్టుకుని తుపాకీ మార్చేవాళ్లకి జరిగే ప్రమాదం ఇది. తుపాకీ మార్చిన ప్రతిసారీ జేబులు తిరగెయ్యండి, లేదా రెండు వెస్టులు పెట్టుకోండి. సీసం తూటాలు, స్టీల్ తూటాలు కూడా కలపొద్దు. ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో, అంటే బాతుల లాంటి నీటి పక్షుల కోసం కేంద్ర ప్రభుత్వం కాపాడే భూముల్లో, ఫెజెంట్ లాంటి పక్షుల వేటకు కూడా సీసం కుదరదు. జేబులో సీసం తూటాలు కనిపించాయంటే అధికారికి సమాధానం చెప్పుకోవాలి.

ఇక పక్షుల సంచి. నోరు పక్కనుంచో ముందునుంచో తెరుచుకోవాలి. వెస్ట్ విప్పకుండా ఒంటిచేత్తో పుంజుని అందులో వెయ్యగలగాలి. లోపలి అస్తరు రక్తం పీల్చని గుడ్డ కావాలి. అడుగున జిప్పు తీస్తే సంచి మొత్తం పరుచుకునే రకమైతే పైపు పెట్టి కడిగెయ్యొచ్చు. అయితే అస్తరు మరీ రబ్బరు షీటులా ఉంటే గాలాడదు. ఎండగా ఉన్న రోజుల్లో వెచ్చటి పక్షుల్ని ఒకదాని మీద ఒకటి కుక్కితే మాంసం పాడవుతుంది. పక్కల జాలీ ఉన్నది చూడండి, గంటకోసారి కారు దగ్గర పక్షుల్ని దింపెయ్యండి. అక్కడికక్కడే మొత్తం ఈకలు పీకేసి తోలు వలిచెయ్యొద్దు. అది పుంజో పెట్టో తెలిసేలా తలో, కాలో, రెక్కో వదలాలని రాష్ట్రాల నియమాలుంటాయి. మీ రాష్ట్రం ఏది అడుగుతుందో చూసుకోండి.

రకాల సంగతికొస్తే, ఏ పక్షి వెనకాల వెళ్తున్నారన్నదే తేలుస్తుంది. టెక్సస్‌లో బాబ్‌వైట్ క్వెయిల్, చూడ్డానికి మన కౌజు పిట్టలాంటిది, ఒక్కోటి 170 గ్రాములుంటుంది. రోజు పరిమితి 15 పట్టినా రెండున్నర కిలోలే. పల్చటి పట్టీల వెస్ట్ చాలు. నెవాడా కొండల్లో చుకార్ అనే రాతికొండల కౌజు కోసం ఎక్కేవాళ్లకి నీళ్లే 3 లీటర్లు కావాలి. మంచి తుంటి పట్టీ ఉన్న బ్యాక్‌ప్యాక్ రకం తప్ప వేరేది కొనొద్దు. మిన్నెసోటా, విస్కాన్సిన్ అడవుల్లో గ్రౌజ్ అనే అడవి కోడిలాంటి పక్షి వేటకి ఏ పట్టీ కొసా వేలాడకూడదు, ప్రతి కొమ్మా దాన్నే పట్టి లాగుతుంది. సెప్టెంబర్‌లో గువ్వల వేటకైతే ఇదంతా అక్కర్లేదు, అది కూర్చుని ఆడే ఆట, నడుముకో సంచి చాలు.

గుడ్డ విషయంలో మైనపు నూలు గుడ్డ ముళ్లకి బాగా ఆగుతుంది, కానీ బరువు, ఉక్క. వాషింగ్ మెషీన్‌లో వెయ్యకూడదు, మైనం పోతుంది. గట్టి నైలాన్ తేలిక, తొందరగా ఆరుతుంది. లోపల ఉన్నిలాంటి మెత్తటి అస్తరుంటే వదిలెయ్యండి. ఇక్కడ గోట్‌హెడ్ అని భయపడే ముల్లు వేరే ఏదో కాదు, మన పల్లేరు కాయే. కాకిల్‌బర్ అంటే మరులమాతంగి. రెండూ అస్తరుకి పట్టాయంటే సాయంత్రం వలుస్తూ కూర్చోవడమే. దక్షిణ టెక్సస్‌లో వీటికి నాగజెముడు తోడు. చిన్న పట్టకారు, దువ్వెన, కుక్క కళ్లు కడగడానికి సెలైన్ సీసా, కట్టు గుడ్డ, ఇవన్నీ ఒకే జిప్పు జేబులో పట్టాలి. ఉత్తరాది చలిలో రబ్బరు గొట్టంతో నీళ్లు తాగే సంచి పెట్టుకోకండి, గొట్టం గడ్డకడుతుంది. సీసా అయితే నీళ్లు తాగాలన్నా, కుక్కకి పట్టాలన్నా సులువు.

నారింజ రంగు ఎంత కనిపించాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్ పబ్లిక్ హంటింగ్ భూముల్లో క్వెయిల్ వేటకి 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, పైగా టోపీ. అయోవాలో టోపీ, వెస్ట్, చొక్కా లాంటి వాటిలో ఒక్కటైనా కనీసం సగం నిఖార్సైన నారింజ ఉండాలి. పట్టీల వెస్టుతో ఇక్కడే తంటా. ముందు రెండు సన్నటి పట్టీలు, వెనక గోధుమరంగు సంచి. అలాంటిది కొంటే లోపల నారింజ చొక్కా తప్పదు. పాతది కొంటున్నారా? ఎండలో వెలిసిన నారింజ దూరానికి ఎండుగడ్డిలాగే కనిపిస్తుంది.

ఇంకో జేబు కావాలి: నీళ్లు దిగని, జిప్పున్న, లైసెన్స్ పట్టేంతది. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ, తూటాలు ఉంచుకోవడం ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. అందుకే ఆ కాగితం మీకు ఇక్కడి వాళ్లకంటే ఎక్కువ ముఖ్యం.

వేటనుంచి రాగానే సంచి పరిచి చన్నీళ్లతో కడగండి, వేణ్నీళ్లైతే రక్తం మరక పట్టేస్తుంది. నీడలో ఆరేసి, లోపెట్టే ముందు ప్రతి జేబూ బయటికి తిరగెయ్యండి. చేత్తో తడిమితే సరిపోదు, మూలల్లో కుట్టు మడతలో ఒక తూటా దాక్కుంటుంది. ఆ వెస్ట్ మడిచి హ్యాండ్ బ్యాగేజీలో పెట్టుకుంటే ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. అదే ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో స్కానర్లో కనిపించిందంటే, ఒక్క తూటాకే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.